కిటికీలో వేలాడిన బంగారు నక్షత్రం: యుద్ధకాలపు కుటుంబ జెండాను భద్రపరచడం ఎలా

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలోకి అక్కడి ఇళ్ళ నుంచి కోడళ్ళూ అల్లుళ్ళూ రావడం మొదలయ్యాక, వారి తాతముత్తాతల సామాను కూడా కొంత మన ఇళ్ళకు చేరుతోంది. పాత ఉత్తరాలు, పతకాలు, ఫోటోలు ఉన్న పెట్టె అడుగున ఒక్కొక్కసారి ఒక చిన్న గుడ్డ జెండా కనిపిస్తుంది. దాని చుట్టూ ఎర్రని అంచు, నడుమ తెల్లని బట్ట, ఆ తెలుపు మీద ఒక నీలి నక్షత్రం, ఆ నీలాన్ని దాదాపుగా కప్పేస్తూ పైన కుట్టిన పసుపుపచ్చని నక్షత్రం ఉంటాయి. దీనిని సర్వీస్ ఫ్లాగ్ అంటారు. పసుపు నక్షత్రం ఉన్నదానిని గోల్డ్ స్టార్ బ్యానర్ అని పిలుస్తారు. ఆ ఇంటి బిడ్డ సైన్యంలో ఉండి మరణించాడని కిటికీలోంచి వీధికి తెలిపిన గుర్తు అది. అటువంటి జెండా మీ చేతికి వస్తే ఏ వరుసలో ఏం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

చేయవలసినవాటికన్నా ముందు చేయకూడనివి చెప్పాలి. జెండాను ఉతకవద్దు, ఇస్త్రీ చేయవద్దు, డ్రైక్లీనింగుకు ఇవ్వవద్దు, ఊడుతున్న కుట్టును కొత్త దారంతో సరిచేయవద్దు. ఈ నాలుగింటిలో చివరిదే అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. రంగు దిగిన బట్ట కూడా కొంత చరిత్ర చెబుతుంది గాని, విప్పి మళ్ళీ కుట్టిన నక్షత్రం ఏమీ చెప్పలేదు. ఎందుకో తెలియాలంటే ముందుగా జెండాను చదవడం నేర్చుకోవాలి.

జెండాను చదవడం

ఈ జెండాను 1917లో, అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగిన ఏడాదిలో, ఒహాయో రాష్ట్రానికి చెందిన కెప్టెన్ రాబర్ట్ క్వైసర్ రూపొందించాడు. ఆయన కొడుకులిద్దరూ సైన్యంలో ఉన్నారు. ఇంటి నుంచి ఎందరు యుద్ధానికి వెళితే జెండా మీద అన్ని నీలి నక్షత్రాలు ఉంటాయి. 1918లో, చనిపోయిన సైనికుల తల్లులు నల్లని శోకవస్త్రాలు ధరించడానికి బదులు బంగారు నక్షత్రం ఉన్న నల్లని పట్టీని చేతికి కట్టుకోవచ్చునని మహిళల సంఘమొకటి సూచించగా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ఆమోదించాడు. జెండా మీద కూడా మరణించినవారి నక్షత్రాన్ని బంగారు రంగుకు మార్చే ఆచారం ఆ కాలంలోనే స్థిరపడింది. రెండవ ప్రపంచ యుద్ధ సమయంలో, 1942లో, అమెరికా కాంగ్రెస్ ఈ జెండాకు చట్టబద్ధమైన గుర్తింపునిచ్చింది.

మార్చడం అంటే నీలి నక్షత్రాన్ని విప్పి పారేయడం కాదు. నీలం అలాగే ఉంటుంది. దాని మీద కొంచెం చిన్నదైన బంగారు నక్షత్రాన్ని కుడతారు, అంచు వెంట నీలం సన్నగా కనిపిస్తుంది. బతికి ఉన్న రోజుల నక్షత్రం అడుగున, పోయిన తరువాతి నక్షత్రం పైన అన్నమాట. అందుచేత భూతద్దం పట్టుకుని మొదట ఆ కుట్టును చూడండి. ఎర్ర అంచూ నీలి నక్షత్రమూ ఒకే తీరు మిషన్ కుట్టుతో ఉండి, బంగారు నక్షత్రం మాత్రం ఎడంగా, వంకరగా, వేరే దారంతో చేతికుట్టుగా ఉంటే, కొడుకు సైన్యంలోకి వెళ్ళినప్పుడు జెండాను దుకాణంలో కొన్నారనీ, సైన్యాన్ని చూసే వార్ డిపార్ట్‌మెంటు నుంచి టెలిగ్రామ్ వచ్చిన తరువాత పై నక్షత్రాన్ని ఇంట్లోనే ఎవరో కుట్టారనీ ఊహించడానికి ఆధారం దొరుకుతుంది. రెండూ ఒకే మిషన్ కుట్టుతో ఉంటే, ఆ జెండాను మరణం తరువాత కొని ఉండవచ్చు. ఒక దారాన్ని లాగి సరిచేసినంత మాత్రాన ఈ సాక్ష్యమంతా పోతుంది.

తరువాత నక్షత్రాలను లెక్కపెట్టండి. అన్నదమ్ములు నలుగురైదుగురు వెళ్ళిన ఇళ్ళు చాలానే ఉండేవి. అయోవా రాష్ట్రంలోని వాటర్లూ పట్టణానికి చెందిన సలివన్ అన్నదమ్ములు ఐదుగురూ జూనో అనే ఒకే యుద్ధనౌకలో పనిచేస్తూ, 1942 నవంబరులో అది మునిగినప్పుడు మరణించారు. జెండాను నిలువుగా వేలాడదీసినప్పుడు బంగారు నక్షత్రం నీలి నక్షత్రాలకు పైన ఉండాలన్నది నియమం. అయితే పాత జెండాలలో మధ్య నక్షత్రమో కింది నక్షత్రమో బంగారుగా మారి ఉంటే దానిని తప్పుగా భావించకండి. ఉన్న నక్షత్రం మీదే కుట్టుకున్న ఇంటివారికి నియమాలు వెతికే ఓపిక ఉండకపోవచ్చు. నక్షత్రం కింద అంకె కనిపిస్తే మాత్రం ఆ జెండా ఒక ఇంటిది కాకుండా చర్చిదో, కార్ఖానాదో అయి ఉండవచ్చు, ఎందుకంటే సంస్థలు ఒకే నక్షత్రం కింద తమవారి సంఖ్యను వేసుకునేవి.

బట్ట కూడా కొంత చెబుతుంది. ఉన్ని లేదా నూలు బట్టతో చేసిన సాదా జెండాలు మొదటి యుద్ధకాలంలో ఎక్కువగా కనిపిస్తాయి. మెరుపుండే రేయాన్ బట్ట, పసుపుపచ్చని దారాల ఝాలరు, వేలాడదీయడానికి పురితాడు ఉన్నవి చాలావరకు రెండవ యుద్ధకాలానివి. నైలాన్ జెండా అయితే అది ఇంకా తరువాతిది కావచ్చు. ఒక్క గుర్తును పట్టుకుని కాలాన్ని తేల్చేయకుండా, మూడు నాలుగు గుర్తులు కలిసినప్పుడే రాసుకోండి.

నమోదు

శుభ్రం చేయకముందే ఫోటోలు తీయాలి. బల్ల మీద ఉతికిన తెల్లని నూలు దుప్పటి పరచి, జెండాను దాని మీద ఉంచి, పక్కన ఒక స్కేలు పెట్టి ముందువైపూ వెనుకవైపూ ఫోటోలు తీయండి. తరువాత గదిలోని దీపాలు ఆర్పి, ఒక టార్చిని పక్క నుంచి, బట్టకు దాదాపు సమాంతరంగా పట్టుకుని మరొకసారి తీస్తే, ఎదురు వెలుతురులో కనిపించని కుట్లూ, మడతల గీతలూ, పాత పిన్నుల రంధ్రాలూ బయటపడతాయి. వెనుకవైపును తప్పక చూడండి. పేరో తేదీయో సిరాతో రాసి ఉండే అవకాశం ఉంది.

చేతులను సబ్బుతో కడిగి ఆరబెట్టుకుని ముట్టుకోవాలి. ఉంగరాలు, గాజులు, గడియారం తీసేయాలి, ఎందుకంటే రేయాన్ పోగులు చాలా తేలికగా పట్టుకుని చిరుగుతాయి. దగ్గరలో కాఫీ గ్లాసు, పెన్ను ఉండకూడదు. రాయవలసినదంతా పెన్సిలుతోనే రాయాలి, అదీ విడి కాగితం మీద.

ఆ కాగితంలో కొలతలు, బట్ట, దారాల రంగు, చిరుగులు, మరకలు, జెండా ఎవరి నుంచి ఎవరికి ఎప్పుడు చేరిందో రాయండి. ఇంట్లో పెద్దవారు ఇంకా ఉంటే వారితో మాట్లాడడమే ఈ పనులన్నిటిలోకీ తొందరపడవలసినది. బట్ట ఇంకొక ఏడాది ఆగగలదు. జెండా ఏ కిటికీలో ఉండేది, ఎప్పుడు తీశారు, నక్షత్రం ఎవరు కుట్టారు అనే చిన్న ప్రశ్నలతో మొదలుపెడితే, యుద్ధం గురించి చెప్పమన్నప్పుడు మౌనంగా ఉండే మనిషి కూడా మాట్లాడతారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2000లో మొదలుపెట్టిన వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్టు మరణించిన సైనికుల సన్నిహిత కుటుంబసభ్యుల జ్ఞాపకాలను కూడా స్వీకరిస్తుంది. కనీసం 30 నిమిషాల సంభాషణను అంతరాయం లేకుండా రికార్డు చేయగలిగితే దానిని అక్కడికి పంపే ఆలోచన చేయవచ్చు.

ఆ సైనికుడు ఎవరు

పేరు తెలిసినా వివరాలు తెలియని సందర్భాలే ఎక్కువ. అమెరికా సైనికుల వ్యక్తిగత దస్త్రాలు సెయింట్ లూయిస్‌లోని జాతీయ కేంద్రంలో ఉంటాయి. 1973 జూలైలో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల దస్త్రాలు నాశనమయ్యాయి. 1912 నవంబరు నుంచి 1960 జనవరి వరకు సేవ ముగిసిన ఆర్మీ వారి దస్త్రాలలో దాదాపు 80 శాతం పోయాయి. కాబట్టి మీ అభ్యర్థనకు ఏమీ లేదనే జవాబు వస్తే అక్కడితో ఆగిపోవద్దు. రెండవ ప్రపంచ యుద్ధంలో మరణించిన ప్రతి ఒక్కరికీ విడిగా ఒక మరణ దస్త్రం ఉండేది. దానిని ఆంగ్ల అక్షరాలతో ఐడీపీఎఫ్ అంటారు. ఆ మంటల్లో అవి కాలిపోలేదు. మరణించిన చోటు, మొదట ఖననం చేసిన చోటు, వెంట ఉన్న వస్తువుల జాబితా, సమాధి విషయంలో కుటుంబంతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు అందులో దొరుకుతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆ దస్త్రంలో దేహం స్థితిని గురించిన వివరాలు దాపరికం లేకుండా ఉంటాయి. అది రాగానే ఇంటి పెద్దావిడ చేతిలో పెట్టకుండా, ముందు మీలో ఒకరు ఒంటరిగా చదివి, ఏ కాగితాలు ఎవరికి చూపాలో నిర్ణయించుకోండి.

యుద్ధం తరువాత దేహాన్ని స్వదేశానికి తెప్పించాలా, విదేశంలోని అమెరికన్ సైనిక శ్మశానంలో ఉంచాలా అన్నది కుటుంబాలే తేల్చుకున్నాయి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత లక్షా డెబ్బై వేలకు పైగా దేహాలు అమెరికాకు తిరిగి వచ్చాయి. విదేశాలలో ఉన్న సమాధులను, ఆచూకీ దొరకనివారి పేర్లు చెక్కిన గోడలను 1923లో ఏర్పడిన అమెరికన్ బ్యాటిల్ మాన్యుమెంట్స్ కమిషన్ చూసుకుంటోంది, దాని జాబితాలో పేరుతో వెతకవచ్చు. మొదటి యుద్ధపు కుటుంబమైతే మరొక చోట కూడా చూడండి: 1930 నుంచి 1933 వరకు ప్రభుత్వం తన ఖర్చుతో ఆరు వేలమందికి పైగా తల్లులనూ భార్యలనూ ఐరోపాలోని సమాధుల దగ్గరకు తీసుకువెళ్ళింది. ఆ యాత్రలలో నల్లజాతి తల్లులను వేరే ఓడలలో పంపారన్నది కూడా ఆ చరిత్రలో భాగమే. మీ ఇంటి ముత్తవ్వ వెళ్ళి ఉంటే, జెండా పక్కన ఉన్న ఓడ ఫోటోకు అర్థం అప్పుడు తెలుస్తుంది.

దుమ్ము, పురుగు

శుభ్రం చేయడం అంటే ఇక్కడ పొడి దుమ్ము తీయడం మాత్రమే. ఎరుపు అద్దకం నీటి చుక్క తగిలితే తెలుపులోకి దిగుతుంది, దిగిన రంగును వెనక్కి తీయడం ఎవరివల్లా కాదు. వాక్యూమ్ క్లీనరును అతి తక్కువ శక్తిలో పెట్టి, గొట్టం మూతికి సన్నని వలగుడ్డ కట్టి, బట్ట మీద నైలాన్ జాలీ పరచి, దాని మీదుగా గొట్టాన్ని రుద్దకుండా ఒక్కొక్క చోట ఎత్తి దించుతూ పోవాలి. ఝాలరు ఊడుతున్నా, బట్ట చీకిపోయి పొడిగా రాలుతున్నా ఆ పని కూడా మానుకుని, వస్త్రాల సంరక్షణలో శిక్షణ పొందినవారికి చూపించండి.

ఉన్ని జెండాలో పురుగు తిన్న రంధ్రాలు తాజాగా కనిపిస్తే, ఆమ్లరహిత టిష్యూలో చుట్టి, గాలి తీసిన పాలిథీన్ సంచిలో మూసి, -20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండే ఫ్రీజరులో రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక సంచిని వెంటనే తెరవవద్దు. గది వేడికి వచ్చేదాకా ఒక రోజు ఆగకపోతే చల్లని బట్ట మీద తేమ చేరుతుంది. మనకు అలవాటైన కలరా ఉండలు వేయవద్దు. వాటి ఆవిరి మనుషులకే మంచిది కాదు, పైగా వాసన బట్టను ఏళ్ళ తరబడి వదలదు.

మరొక అలవాటు గురించి చెప్పాలి. మన ఇళ్ళలో పోయినవారి పటానికి బొట్టు పెట్టి, దండ వేసి, అగరువత్తి వెలిగిస్తాం. ఇంటి కోడలి ముత్తాత జెండా అనే గౌరవంతో అదే పని దీనికీ చేయాలనిపించడం సహజం. ఆ గౌరవమంతా అతని ఫోటోకు చేయండి. కుంకుమ పొడి రాలితే తెల్లబట్ట మీద మచ్చ శాశ్వతంగా ఉంటుంది, వత్తి పొగలోని జిడ్డు పోగుల మధ్య చేరి దుమ్మును పట్టి ఉంచుతుంది, దండలోని తడి రంగు దింపుతుంది.

పెట్టె

వీలైతే మడత లేకుండా పడుకోబెట్టగలిగినంత పెద్ద, ఆమ్లరహిత అట్టపెట్టె కొనండి. ఆంగ్లంలో అన్‌బఫర్డ్ అని రాసి ఉన్న టిష్యూ కాగితం ఉన్నికీ పట్టుకూ క్షేమం. బట్ట ఏదో తెలియనప్పుడు కూడా అదే వాడండి. మడవక తప్పకపోతే, మడత పడే చోట టిష్యూను లావుగా చుట్టి మెత్తని గొట్టంలా పెట్టి, ఏడాదికొకసారి మడత చోటు మార్చండి. మడత మీదే పట్టుచీర పిగిలిపోతుందని బీరువాలో చీరల మడతలు మార్చి పెట్టే మన అమ్మమ్మలకు ఈ సూత్రం ఎవరూ నేర్పనవసరం లేదు. నక్షత్రం మీద మాత్రం మడత ఎన్నడూ రాకూడదు.

పెట్టెను అటక మీదా బేస్‌మెంటులోనూ ఉంచవద్దు. ఒకటి వేసవిలో కాలిపోతుంది, మరొకటి చెమ్మగిల్లుతుంది. మనుషులు తిరిగే అంతస్తులో, బయటి గోడకు ఆనని అలమారలో, తేమ 50 శాతం దరిదాపుల్లో ఉండే చోటు సరిపోతుంది. జెండాను నేరుగా చెక్కకు తగలనీయవద్దు, పీవీసీ కవరులో పెట్టవద్దు, రబ్బరు బ్యాండు, సెలోటేపు, పిన్ను దగ్గరకు రానీయవద్దు.

గోడ మీద పెట్టాలనుకుంటే

వెలుతురు చేసిన నష్టాన్ని మళ్ళీ సరిచేయలేం. ప్రదర్శనశాలలు ఇటువంటి బట్టల మీద 50 లక్స్‌కు మించి వెలుతురు పడనీయవు. పగటిపూట కిటికీ దగ్గర వెలుతురు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. కిటికీలో వేలాడడానికే పుట్టిన జెండా ఇప్పుడు కిటికీకి దూరంగా ఉండవలసి రావడం విచిత్రమే గాని, అప్పట్లో దాని ఆయుష్షు యుద్ధం ముగిసేదాకా ఉంటే చాలనుకుని చేశారు.

ఫ్రేము కట్టించేటట్లయితే మూడు షరతులు రాతపూర్వకంగా ఇవ్వండి: జిగురు వాడకూడదు, నూలుగుడ్డ చుట్టిన ఆమ్లరహిత అట్టకు జెండా బరువు సమంగా పంచుకునేలా సన్నని దారంతో, ఉన్న కుట్లను ముట్టకుండా టాకాలు వేయాలి, అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దానికీ బట్టకూ మధ్య ఖాళీ ఉండాలి. ఒక దుకాణంలో జెండా వెనుకంతా పట్టుకునే జిగురుపూతతో అట్టకు అంటించి ఇచ్చిన సంగతి నాకు తెలుసు. ముందు నుంచి చూస్తే చక్కగానే ఉండేది, కాని బట్టను దెబ్బతీయకుండా విడదీయడం ఇక సాధ్యం కాలేదు.

నన్నడిగితే అసలు జెండాను పెట్టెలో పడుకోబెట్టి, ప్రతిరూపాన్ని కుట్టి కిటికీలో పెట్టమంటాను. నియమం ప్రకారం జెండా నిష్పత్తి 10కి 19. అంటే నిలువుగా వేలాడేది 10 అంగుళాల వెడల్పు ఉంటే 19 అంగుళాల పొడవు ఉండాలి. నక్షత్రం ఒక కొన పైకి ఉండాలి. ముందు నీలం, దాని మీద చిన్నదిగా బంగారు రంగు, ఆ వరుసలోనే కుట్టండి. అమెరికా జాతీయ జెండాతో కలిపి ఎగురవేస్తే, సర్వీస్ ఫ్లాగ్ దానికన్నా పెద్దది కాకూడదు, దానికి కింది స్థానంలోనే ఉండాలి. ఇంటి కోసం కుట్టుకోవడం వేరు, అమ్మడానికి తయారుచేయడం వేరు. రెండోదానికి రక్షణ శాఖ లైసెన్సు కావాలి. మే నెల చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే నాడు, గోల్డ్ స్టార్ తల్లుల దినంగా 1936 నుంచి పాటిస్తున్న సెప్టెంబరు చివరి ఆదివారం నాడు దానిని బయటికి తీయడం చాలా ఇళ్ళలో జరుగుతుంది.

ఇప్పుడు అమెరికా సైన్యంలో ఉన్న తెలుగు పిల్లల తల్లిదండ్రులు కూడా, యుద్ధమో సాయుధ ఘర్షణో సాగుతున్న కాలంలో, నీలి నక్షత్రపు జెండా పెట్టుకోవచ్చు. భార్య, భర్త, పిల్లలు, తోబుట్టువులకూ ఆ హక్కు ఉంది. స్వదేశంలో మనకు ఇటువంటి కిటికీ జెండా లేదు. ఇంటికొకరు సైన్యంలో చేరిన ఊరిగా పేరుపడ్డ, తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరంలో ఆ గుర్తు ఊరి స్మారకస్తూపమై నిలిచింది.

ఎవరికి ఇవ్వాలి

ఒకే జెండాకు నలుగురు మునిమనవలు ఉన్నప్పుడు ముక్కలు పంచుకోవడం, నక్షత్రాన్ని విడదీసి ఒకరు తీసుకోవడం జరగకుండా చూడండి. ఫోటోలనూ దస్త్రపు నకళ్ళనూ అందరికీ ఇచ్చి, జెండాను ఒకరి దగ్గర ఉంచి, వారి తరువాత ఎవరిదో ఇప్పుడే రాసి పెట్టండి. ఎవరికీ అక్కర్లేకపోతే, అతను పుట్టిపెరిగిన ఊరి చారిత్రక సంఘాన్ని ముందు అడగండి. పెద్ద మ్యూజియాలలో ఇటువంటివి చాలా ఉండవచ్చు గాని, ఆ ఊళ్ళో అతని పేరు తెలిసినవారు ఇంకా ఉండవచ్చు. ఇచ్చేటప్పుడు దానపత్రం మీద సంతకాలు చేయించుకుని, మీరు పెన్సిలుతో రాసిన కాగితాన్ని కూడా తప్పక జతచేయండి.

ఆ కాగితపు నకలు ఒకటి పెట్టె మూతకు లోపలివైపు, జెండాకు తగలకుండా, ఆమ్లరహిత కవరులో ఉంచండి. అందులో సైనికుడి పేరు, మరణించిన తేదీ, సమాధి ఉన్న చోటు, నక్షత్రం కుట్టినవారు తెలిస్తే వారి పేరు, మడత చివరిసారి మార్చిన తేదీ ఉండాలి. మడత మార్చినప్పుడల్లా దాని కింద కొత్త తేదీ వేస్తూ పోవాలి.